మూడో ఊపిరి ఎవరిది?

“మళ్ళీ మొదట్నుంచి చెప్పండి,” అంది డిటెక్టివ్.

లిఫ్ట్ మెకానిక్ తల పట్టుకున్నాడు. “ఇప్పటికే నాలుగుసార్లు చెప్పాను మేడమ్.”

“ఐదోసారి చెప్తే అరిగిపోరు.”

కోర్టు వరండాల్లో ఆమెకి ‘నస’ అన్న పేరు ఊరికే రాలేదు. ఒక ప్రశ్నని పట్టుకుంటే అవతలి మనిషి నిజం చెప్పేదాకా, లేదా ఏడ్చేదాకా వదలదు. ఒకప్పుడు పోలీసు ఉద్యోగం చేసింది. బయటికొచ్చాక, ప్లీడరైన తన బాబాయి కేసులకి నిజాలు తవ్విపెట్టే పని చేస్తోంది. ఈ కేసూ ఆయనదే. మధ్యాహ్నం మూడింటికి లైసెన్సు విచారణ. ఇంకా తెల్లారి ఎంతోసేపు కాలేదు గానీ, చేతిలో ఒక్క ఆధారం లేనప్పుడు మధ్యాహ్నం చాలా తొందరగా వచ్చేస్తుంది.

ఇద్దరూ నిలబడ్డది మెకానిక్ ఇంటి కింది షెడ్డులో. మధ్యలో కారు. స్టీరింగ్ పక్కన, వంకీలు తిరిగిన వైరుకి వేలాడుతూ ఒక నల్లటి పెట్టె. ఫోను రిసీవరంత ఉంటుంది. పైన గొట్టం పెట్టే సందు.

“గురువారం తెల్లవారుజామున డ్యూటీ దిగాను,” అన్నాడు మెకానిక్. “రాత్రంతా ఆసుపత్రిలో లిఫ్టు. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుంది. పని అయ్యాక కంపెనీ వ్యాను నన్ను ఇంటిదగ్గర దింపింది. కాళ్ళు కడుక్కుని పడుకున్నాను. లేచేసరికి ఎండ ఎక్కేసింది. ఫోన్లో నోటీసు. అంతే మేడమ్.”

“మధ్యలో లేవలేదా?”

“నీళ్ళకి కూడా లేవలేదు.”

“మందు?”

“రెండేళ్ళయింది చుక్క ముట్టి. మా బుజ్జి మీద ఒట్టు.”

“ఒట్లు విచారణాధికారి రాసుకోరు.”

రెండేళ్ళ కిందట అతను తాగిన మాట నిజం. సెలవు రోజున చుట్టాలింట్లో ఉండగా, ఎవరో ముసలాయన లిఫ్టులో చిక్కుకుపోయాడని ఫోనొచ్చింది. మరో మెకానిక్ దొరకలేదు. మూడు గ్లాసులు కడుపులో పెట్టుకునే కారెక్కాడు. దారిలో పట్టుబడ్డాడు. ప్రాణం కాపాడటానికి వెళ్ళానని వాదించుకోవచ్చు, ఊపిరి పరీక్ష సరిగా జరిగిందో లేదో తేల్చమనీ అడగొచ్చు అని ప్లీడరు ఎంత చెప్పినా వినలేదు. “తాగాను, నడిపాను. అంతే కదండీ,” అని తలవంచుకుని నేరం ఒప్పేసుకున్నాడు. ఏడాది పాటు లైసెన్సు ఆగిపోయింది. ఆ తర్వాత షరతు మీద తిరిగిచ్చారు. కార్లో ఈ పెట్టె బిగించారు. ఊదితే గాని ఇంజను కదలదు. ఊపిరిలో మందుంటే ఎర్ర దీపం, లేకపోతే పచ్చ దీపం. బండి నడుస్తుండగా కూడా మధ్యమధ్య మళ్ళీ ఊదమంటుంది. ఊదకపోతే హారన్ ఆగకుండా మోగుతుంది, లైట్లు వెలిగి ఆరుతుంటాయి. ఇంజను మాత్రం ఆగదు. నడిరోడ్డు మీద ఆగిపోతే వెనకనుంచి ఎవరైనా గుద్దేస్తారని.

ఆ షరతు ఇంకో నెల రోజుల్లో తీరిపోయేది. ఇంతలో గురువారం వచ్చిపడింది.

“బడికెళ్ళే వేళకి ఒక ఎర్ర దీపం,” డిటెక్టివ్ వేళ్ళు మడిచింది. “మూడు నిమిషాలకి ఇంకో ఎర్ర దీపం. మరో నాలుగు నిమిషాలకి పచ్చ. బండి కదిలింది. దారిలో మళ్ళీ పచ్చ. అరగంటలో తిరిగొచ్చి ఇక్కడే ఆగింది. తాగినవాడి ఊపిరి నాలుగు నిమిషాల్లో శుభ్రం కాదు. అంటే ఊదింది ఇద్దరు. మీరు తాగి, ఇంకెవరిచేతో ఊదించి బండి నడిపారని వాళ్ళ ఆరోపణ. తాగి నడపడం కంటే అది పెద్ద నేరం. లైసెన్సు శాశ్వతంగా పోతుంది. జైలు కూడా.”

“ప్లీడరు గారు మౌత్‌వాష్ అన్నారు కదా? పుక్కిలించిన మందు వల్ల...”

“మా బాబాయి ఆశ అది. నోట్లో ఉన్న వాసనైతే రెండోసారికి తగ్గాలి. ఇక్కడ రెండోసారీ అంతే వచ్చింది. ఆ మాట ఎత్తామంటే మనల్ని చూసి నవ్వుతారు.”

మెకానిక్ తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. లిఫ్టు గోతిలో, ఇనప తాళ్ళ మధ్య పనిచేసే చేతులు. “లైసెన్సు లేకపోతే రావద్దని కంపెనీ చెప్పేసింది మేడమ్. నాకు ఇంకో పని రాదు. ఆ పెట్టె పాడై ఉండాలి. అంతకంటే ఇంకేముంటుంది?”

మెట్ల మీద టపటపా అడుగులు. ఎనిమిదేళ్ళ పిల్ల, వీపు మీద బడిసంచి. “నాన్నా, టాటా!” అని నవ్వింది. ముందు పళ్ళ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు.

“బుజ్జీ, నీకు ఇది ఊదడం వచ్చా?” పెట్టెని చూపించి మామూలుగా అడిగింది డిటెక్టివ్.

“ఓ! నాన్నకంటే నాకే బాగా వచ్చు. ఉత్తినే ఊదితే ఒప్పుకోదు. ఊదుతూ లోపల్నించి మ్మ్‌మ్ అనాలి.”

“బుజ్జీ! బస్సు వెళ్ళిపోతుంది.” వెనకే దిగిన తల్లి పిల్ల రెక్క పట్టుకుంది. డిటెక్టివ్ వైపు తల తిప్పకుండానే నమస్కారం పెట్టి, వీధి చివర స్కూలు బస్సు ఆగేచోటికి గబగబా లాక్కెళ్ళింది.

“మొదట్లో ఆ మ్మ్‌మ్ అనడం నాకు చేతకాలేదు,” మెకానిక్ కొంచెం నవ్వాడు. “మా బుజ్జే నేర్పింది. ఇద్దరం పోటీలు పెట్టుకునేవాళ్ళం.”

డిటెక్టివ్ నవ్వలేదు. “గురువారం తర్వాత ఈ కారు ఎవరైనా ఎక్కారా?”

“ముట్టుకోవద్దని నోటీసులో ఉంది. నేను డోరు కూడా తియ్యలేదు.”

“ఇప్పుడు తియ్యండి. డ్రైవరు సీట్లో కూర్చోండి. ఏదీ జరపొద్దు.”

అతను ఆరడుగుల మనిషి. వంగి లోపలికి దూరబోయాడు. మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకున్నాయి. కడుపు ఇరుక్కుంది. సగం లోపల, సగం బయట ఆగిపోయి, “ఇదేంటి? సీటు ఇంత ముందుకెలా వచ్చింది?” అన్నాడు.

డిటెక్టివ్ గబుక్కున ఫోను తీసింది. చివరిసారి ఈ సీట్లో కూర్చున్నది పొట్టి మనిషి. “కదలకండి. ఫోటో తీస్తాను.”

“ముందు దిగు,” అంది వెనకనుంచి ఒక గొంతు. “దిగమంటున్నాను కదా!”

మెకానిక్ హడలిపోయి బయటపడ్డాడు. వచ్చినవాడు రోడ్డు భద్రత విభాగం తనిఖీ అధికారి. కారు వంద గజాల దూరంలో ఉండగానే డ్రైవరు తాగాడో లేదో చెప్పేస్తాడని డిపార్టుమెంటులో అతన్ని ‘ముక్కు’ అంటారు. రెండేళ్ళ కిందట మెకానిక్‌ని పట్టుకున్నది అతనే. ఎవరికీ ఇంకేమీ చెప్పే వ్యవధి ఇవ్వకుండా సీటు కింద లివరు లాగి, సీటుని దభాల్న వెనక్కి తోసి, మోకాలు ఆనించి పెట్టె కింద సీలు చూడటం మొదలుపెట్టాడు.

“ఏం చేశారో తెలుసా మీరు?” డిటెక్టివ్ గొంతు కీచుమంది.

“సీలు చూస్తున్నాను. భద్రంగా ఉంది. పెట్టె పాడైందన్న కథ మీరు విచారణలో చెప్పకుండా ముందే చెప్తున్నాను.”

“సీటు! సీటు ముందుకుంది. ఇతను అందులో పట్టడు. అది సాక్ష్యం.”

ముక్కు సీటు వైపు చూశాడు, ఆమె చేతిలో ఫోను వైపు చూశాడు. “ఫోటో తీశారా?”

ఆమె ఫోను దించేసింది.

“అయితే అది మీ నోటిమాట. డబ్బిచ్చినవాడి తరఫున చెప్పే నోటిమాట.”

“మీరు తనిఖీకి వచ్చారా, తుడిచిపెట్టడానికి వచ్చారా?”

“నస మేడమ్,” అతను లేచి మోకాలి దుమ్ము దులుపుకున్నాడు. గొంతులో వెటకారం పోయింది. “మీరు వాళ్ళని కోర్టుల్లో చూస్తారు, ఇస్త్రీ చొక్కాల్లో. నేను రోడ్డు మీద చూస్తాను. కిందటి వారం సైకిలు తొక్కుతున్న మనిషిని గుడ్డలో మూటగట్టి ఎత్తాను. గుద్దినవాడు కూడా ఒట్టేశాడు, పిల్లల మీద. నా దగ్గర పప్పులుడకవు.”

“ఇతను నడపలేదు.”

“మూడింటికి చెప్పండి.” వెళ్ళబోతూ ఆగాడు. “విచారణ ముగిసేదాకా బండికి తాళం వేసే అధికారం నాకు లేదు. కానీ పెట్టె బతికే ఉంది. ఎవరు ఊదినా నా ఫోను మోగుతుంది. గుర్తుంచుకోండి.”

అతను వెళ్ళాక మెకానిక్ కారు పక్కనే చతికిలబడ్డాడు. దొరికిన ఒక్క ఆధారం కళ్ళముందే పోయింది. డిటెక్టివ్ పళ్ళు కొరుక్కుంటూ అవతలి డోరు తీసి, పక్క సీటు కింద చెయ్యి పెట్టి తడిమింది. చేతికి చిన్న ప్లాస్టిక్ గొట్టం తగిలింది. పెట్టెకి తగిలించి ఊదే ముక్క. నీలం రంగుది. చివర సన్నటి పళ్ళ గాట్లు. గాట్ల మధ్యలో కొంచెం ఖాళీ.

“ఈ నీలం ముక్కలు ఎప్పటివి?”

“సోమవారం సర్వీసింగులో కొత్త ప్యాకెట్ ఇచ్చారు. అంతకుముందు తెల్లవి ఉండేవి.”

“మీరు ఎన్ని వాడారు?”

“ఒకటే. అది నా పనిముట్ల సంచిలో ఉంది.”

“బుజ్జితో పోటీలు పెట్టుకున్నది?”

“ఏడాది కిందట మేడమ్. ఎందుకలా అడుగుతున్నారు?”

ఆమె ముక్కని పిడికిట్లో మూసింది. “పైకెళ్ళి కాస్త స్నానం చేసి మంచి చొక్కా వేసుకోండి. నేను మీ ఆవిడతో మాట్లాడాలి.”

మెకానిక్ ఆమె పిడికిలి వైపు చూశాడు. తర్వాత మెట్లెక్కాడు.

*

బస్సు దగ్గర్నుంచి వచ్చిన భార్య వంటగదిలో గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది. బుగ్గన ఏదో పిప్పరమెంటు బిళ్ళ.

“గురువారం బుజ్జిని బడిలో ఎవరు దింపారు?”

“స్కూలు బస్సు.”

“మీరు బస్సు దాకా వెళ్ళారా?”

“రోజూ వెళ్తాను కదా.”

“గురువారం?”

“గురువారం కూడా రోజే కదా మేడమ్.”

“ఆ రోజు మీ పాప బస్సెక్కలేదని డ్రైవరు చెప్పాడు.”

గిన్నె మీద చెయ్యి ఆగింది. నిజానికి బస్సు డ్రైవరు ఎవరో డిటెక్టివ్‌కి తెలియదు. గుడ్డిగా వేసిన బాణం. అది వెళ్ళి తగిలిన చోటు మాత్రం ఆమెకి కనిపించింది.

“వాడికేం గుర్తుంటుంది? అంతమంది పిల్లల్లో...”

“ఆ పెట్టె జోలికి మీరెప్పుడూ పోలేదని మా బాబాయికి చెప్పారు. ఊదడమే రాదన్నారు.” నీలం ముక్కని గట్టు మీద పెట్టింది. “ఈ వారం వచ్చిన ముక్క ఇది. దీని మీద ఎవరి పళ్ళున్నాయి?”

భార్య తడిచేత్తోనే దాన్ని అందుకుని గుప్పిట్లో మూసేసింది. గోడకి ఆనుకుని జారి, నేల మీద కూర్చుండిపోయింది. పక్క గదిలో స్నానం నీళ్ళ చప్పుడు.

“ఆయనకి చెప్పకండి అక్కా,” అంది. అప్పటిదాకా మేడమ్ అన్న మనిషి.

“నాకు చెప్పండి ముందు.”

“లైసెన్సు ఆయనకి పోయింది, డ్యూటీ నాకు పడింది.” ఆమె మాటలు నేలని చూస్తూ వస్తున్నాయి. “ఏడాది పాటు. అర్ధరాత్రి ఫోనొస్తే నేనే లేవాలి. పిల్లని వెనక సీట్లో పడుకోబెట్టి, ఆయన్ని దింపి, ఆ లిఫ్టు బాగయ్యేదాకా కార్లోనే కూర్చోవాలి. పొద్దున్నే మళ్ళీ కంటి ఆసుపత్రిలో నా ఉద్యోగం. కౌంటరు మీద తల వాల్చి నిద్రపోయానని తీసేశారు. ఆయన తప్పు చేశాడు, బాగుపడ్డాడు. ఆయనకి లైసెన్సు తిరిగొచ్చింది. నాకు నిద్ర తిరిగి రాలేదు.”

“అందుకని?”

“నిద్ర పట్టడానికి ఒక మూత. తర్వాత రెండు.” ముఖం చేతుల్లో దాచుకుంది. “రోజూ ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి నోరు వాసన చూసేదాన్ని. ఊదు, ఊదు అని. నా నోరు ఎవరు చూస్తారక్కా?”

డిటెక్టివ్ పోలీసుగా ఉన్నప్పుడు ఇలాంటి వాళ్ళని చాలామందిని చూసింది. అప్పుడు వాళ్ళ పక్కన నేలమీద కూర్చునేది కాదు. ఇప్పుడు కూర్చుంది.

“గురువారం ఏం జరిగింది?”

“ఆ రాత్రి ఎక్కువైంది. లేచేసరికి బస్సు వెళ్ళిపోయింది. బుజ్జికి పరీక్ష. ఏడుస్తోంది. ఆయన చచ్చి నిద్రపోతున్నారు. నేను బాగానే ఉన్నాననుకున్నాను. ఊదాను. ఎరుపు. నీళ్ళు తాగి మళ్ళీ ఊదాను. ఎరుపు. అప్పుడు అది, అమ్మా నేను ఊదనా అంది.” తల అడ్డంగా ఊపింది. “నేను అడగలేదక్కా. అదే అంది. నేను వద్దనలేదు.”

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. డిటెక్టివ్ గొంతు తగ్గించింది.

“వినండి. పెట్టె షరతు ఆయన మీద ఉంది, మీ మీద లేదు. ఆయన నిద్రలో ఉండగా, ఆయనకి తెలీకుండా మీరు బండి తీశారని మీ నోటితో చెప్తే ఆయన మీద కేసు నిలవదు. మీ మీద వేరే కేసు పెడతారు. అబద్ధం చెప్పను.”

“నా పిల్లని తీసుకెళ్ళిపోతారా?”

“తెలీదు.”

భార్య తలూపింది. “వస్తాను.”

“ఇప్పుడే రండి నాతో.”

“బుజ్జి రెండున్నరకి బడి నుంచి వస్తుంది. ఇంట్లో ఎవరూ ఉండరు. దాన్ని తీసుకుని నేనే వస్తాను అక్కా. ఆయనకి మాత్రం మీరు చెప్పొద్దు. నేనే చెప్తాను. అంత మాత్రం నన్ను చెయ్యనివ్వండి.”

ఒక మనిషి తన తప్పుని తన కాళ్ళ మీద నడిచొచ్చి చెప్తానంటే, కాదనడానికి డిటెక్టివ్‌కి నోరు రాలేదు. గుప్పిట్లోంచి నీలం ముక్కని మాత్రం తీసుకుని, “మూడింటికి. ఆలస్యం చెయ్యకండి,” అంది.

*

విచారణ గదిలో ఒక పొడుగాటి బల్ల. ఒక వైపు విచారణాధికారి, నెరిసిన జుట్టు పెద్దావిడ. ఇటు మెకానిక్, పక్కన ప్లీడరు. ఎదురుగా ముక్కు, బల్లమీద బోర్లించిన ఫోను. గోడవారగా ఉన్న కుర్చీలో డిటెక్టివ్. ఆమె చూపంతా తలుపు మీదే ఉంది.

మూడు దాటింది. తలుపు తెరుచుకోలేదు.

“సాక్షి దారిలో ఉన్నారండి,” ప్లీడరు నీళ్ళు నమిలాడు. “కొంచెం సమయం...”

“ఏ సాక్షి?” అన్నాడు మెకానిక్ ఆశ్చర్యంగా.

“ఇప్పటికే ఆగాం,” పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుంది. “ఉన్నది చెప్పండి.”

ప్లీడరు సీటు సంగతి చెప్పాడు. ముక్కు ఒకే మాట అన్నాడు: “ఫోటో చూపించండి.” ప్లీడరు డిటెక్టివ్ వైపు తిరిగాడు. డిటెక్టివ్ మళ్ళీ తలుపు వైపు చూసింది.

“అయితే ముగించేద్దామా?” పెద్దావిడ కాగితాలు దగ్గరికి లాక్కుంది. “లైసెన్సు శాశ్వత రద్దు, ఆపైన కోర్టుకి...”

“ఒక్క నిమిషం మేడమ్,” డిటెక్టివ్ లేచింది. మాటిచ్చిన మాట నిజం. కానీ ఇంకో నిమిషం ఊరుకుంటే ఈ మనిషి బతుకు ఆ సంతకం కింద పడిపోతుంది. జేబులోంచి నీలం ముక్క తీసి బల్లమీద పెట్టింది. “సోమవారం తర్వాత వాడిన ముక్క ఇది. పక్క సీటు కింద దొరికింది. ఊదిన మనిషి దీన్ని కొరికింది. గాట్లు చూడండి. ఇవి పెద్దవాళ్ళ పళ్ళు కావు.”

మెకానిక్ ముందుకి వంగాడు. సన్నటి గాట్లు. మధ్యలో సందు. ఆ సందు ఎవరిదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. పాలపన్ను ఊడిన రోజు దాన్ని అరచేతిలో పట్టుకుని చూసిన తండ్రి అతను. పిల్ల ఒక్కతే కారు నడపదు. ఇంట్లో మిగిలింది ఇంకెవరు? సీటు ముందుకి జరుపుకునే పొట్టి మనిషి ఎవరు?

అతను లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

“నేనే,” అన్నాడు.

“ఏమిటి నేనే?” అంది పెద్దావిడ.

“తాగింది నేనే. నడిపింది నేనే. ఆ ముక్క పాతది, మేం ఆడుకున్నప్పటిది. ఈవిడకేం తెలీదు. రాసుకోండి. లైసెన్సు తీసేసుకోండి. జైల్లో పెట్టండి. ఇంక ఎవర్నీ ఏమీ అడక్కండి.”

“కూర్చోవయ్యా!” ప్లీడరు అతని చెయ్యి పట్టి లాగాడు.

“నన్ను చెప్పనివ్వండి సార్. పోయినసారి కూడా నేనే ఒప్పుకున్నాను కదా, ఇప్పుడెందుకు ఒప్పుకోనివ్వరు?” అతను ఏడుస్తున్నాడు. ఏడుస్తున్నట్టు అతనికి తెలియడం లేదు. “మేడమ్, మీకు దణ్ణం పెడతాను. ఆ ముక్క తీసేయండి.”

డిటెక్టివ్ తీయలేదు. ఇరవయ్యేళ్ళుగా అబద్ధాల్లోంచి నిజం లాగడమే ఆమె పని. ఇంత నిజమైన అబద్ధాన్ని ఆమె ఎప్పుడూ వినలేదు.

ముక్కు గెలిచినవాడిలా లేడు. నుదురు చిట్లించి మెకానిక్‌ని చూస్తున్నాడు. ఒప్పుకునేవాళ్ళని అతను వందలమందిని చూశాడు. వాళ్ళ గొంతు ఇలా ఉండదు.

అప్పుడు బల్లమీద ఫోను గర్‌మంది.

అతను దాన్ని తిప్పి చూశాడు. మళ్ళీ చూశాడు. మెకానిక్ ముఖాన్నీ, ఫోన్నీ మార్చి మార్చి చూశాడు.

“ఏమైంది?” అంది డిటెక్టివ్.

“ఇతని బండి,” అన్నాడు ముక్కు నెమ్మదిగా. “ఎవరో ఊదారు. ఇప్పుడే. ఎరుపు.”

ఏ మనిషి తాగి ఊదాడని ఇక్కడ కూర్చుని తేలుస్తున్నారో, ఆ మనిషి వాళ్ళందరి ఎదుటే నిలబడి ఉన్నాడు.

ఫోను మళ్ళీ మోగింది.

“ఎరుపు.”

“వద్దు,” అన్నాడు మెకానిక్, గదిలో ఉన్నవాళ్ళతో కాదు. “వద్దు, వద్దు తల్లీ.”

డిటెక్టివ్‌కి తన మాటే గుర్తొచ్చింది. మూడింటికి రండి, ఆలస్యం చెయ్యకండి. ఆ మాట అన్నది తను. చెప్పడానికి ధైర్యం కావాలి కదా ఆ మనిషికి. ఆ ధైర్యం ఎక్కడ వెతుక్కుంటుందో తను ఆలోచించలేదు. కారు తాళంచెవి అడిగి తెచ్చుకోవాలని కూడా తట్టలేదు.

మూడోసారి ఫోను మోగినప్పుడు ముక్కు చదవలేదు. తెర ఆమె వైపు తిప్పాడు. పచ్చ.

“ఆవిడ ఇక్కడికే వస్తోంది,” అంది డిటెక్టివ్. “నిజం చెప్పడానికి. పక్క సీట్లో పాప ఉంది.”

ముక్కు అప్పటికే తలుపు దగ్గరున్నాడు. “నా జీపు కింద ఉంది. రండి. నువ్వూ రావయ్యా, దారి చెప్పు, ఆవిడ ఏ దారిన వస్తుందో నీకే తెలుస్తుంది.”

మెట్లమీద ముగ్గురి పరుగు వినబడుతుండగా, వెనక గదిలో పెద్దావిడ పడిపోయిన కుర్చీ వైపు చూస్తూ, “ఫిర్యాదు కొట్టేస్తున్నాను,” అంది. వినడానికి ప్లీడరు ఒక్కడే మిగిలాడు.

జీపు గేటు దాటింది. ముక్కు ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, వైర్‌లెస్‌లో కారు రంగూ నంబరూ అరిచి చెప్తున్నాడు. “ఆపండి, వెంటపడొద్దు, మెల్లిగా ఆపండి, లోపల పిల్ల ఉంది.” ఫోను డిటెక్టివ్ చేతిలో ఉంది. వెనక సీట్లో మెకానిక్, భార్యకి ఫోను చేస్తూనే ఉన్నాడు. అవతల మోగుతోంది. ఎత్తడం లేదు.

“పెద్ద రోడ్డెక్కదు,” అంటున్నాడు గుక్కతిప్పుకోకుండా. “దానికి లారీలంటే భయం. మిల్లు పక్కనుంచి వస్తుంది, వంతెన మీదుగా. రాత్రిళ్ళు నన్ను ఆ దారినే తీసుకెళ్ళేది. ఎడమకి, సార్, ఎడమకి!”

“దారిలో పెట్టె మళ్ళీ ఊదమంటుంది,” అన్నాడు ముక్కు. “పచ్చ వచ్చిందంటే బండి బాగానే నడుస్తున్నట్టు. అది వస్తే చెప్పండి.”

డిటెక్టివ్ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. బతుకులో మొదటిసారి, ఒక చిన్నపిల్ల మళ్ళీ తప్పు చెయ్యాలని, ఆ గొట్టం పళ్ళతో కొరికి పట్టుకుని ఊదాలని ఆమె కోరుకుంది.

ఫోను మోగింది.

“ఏంటి?” ముక్కు అరిచాడు. “పచ్చేనా?”

తెర మీద పచ్చ లేదు. ఎరుపూ లేదు. రెండే మాటలున్నాయి. ఆమె ఒకసారి లోపలే చదువుకుని, తర్వాత పైకి చదివింది.

“ఊపిరి అందలేదు.”

ముక్కు గేరు మార్చాడు. మెకానిక్ ముందు సీట్ల మధ్యలోంచి వంగి, ఆమె భుజం పట్టుకుని ఊపేశాడు. “అంటే ఏంటి మేడమ్? బుజ్జి ఊదనందా? అంతే కదా? ఊదనని చెప్పుంటుంది, అంతే కదా?”

ముందు వంతెన కనిపిస్తోంది. దాని అవతలి నుంచి ఆగకుండా మోగుతున్న ఒక హారన్ వినిపిస్తోంది. ఆ చప్పుడు దగ్గరికి రావడం లేదు, దూరమూ కావడం లేదు. ఉన్నచోటే ఉంది.